పక్క గదిలో అమ్మ

ఆ ఏడాది సెప్టెంబరు మొదటి వారంలో మా అమ్మ నాకొక మాట చెప్పాలనుకుంది. జనవరి దాకా చెప్పలేకపోయింది. ఆ నాలుగు నెలలూ మేమిద్దరం వారం వారం కలుసుకుంటూనే ఉన్నాం. ఒకే కారులో తిరిగాం, ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. ఆమెకి నోరు లేక కాదు, నాకు చెవులు లేక కాదు. అలాంటి మాట చెప్పుకోవడానికి మాకున్న ఒకే ఒక చోటుని నేను మూసేశాను. మూసేసి, ఏదో గొప్ప పని చేసినట్టు ఊరంతా చెప్పుకుని తిరిగాను.

ఆ చోటు ఏమిటో చెబితే నవ్వుతారు. మా ఊరి మాల్‌లో పెద్ద బట్టల కొట్టు ఉంది. దాని రెండో అంతస్తులో, ఆడవాళ్ళ ట్రయల్ రూమ్‌లు.

మా వాళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మనసులో మాట చెప్పుకునే అలవాటు లేదు. ఒహాయోలో ఈ మూల, నది పక్క ఊళ్ళలో ఉన్న పాత జర్మన్ కుటుంబాలన్నీ అంతే. భోజనాల దగ్గర వాన గురించి మాట్లాడతాం, ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాం, బంగాళాదుంపల గిన్నె ఇటు జరపమంటాం. ఎవరికైనా ఏడుపొస్తే లేచి వెళ్ళి గ్యారేజీ సర్దుతారు. మా తాత చనిపోయిన వారంలో మా గ్యారేజీ అద్దంలా ఉంది.

అలాంటి ఇంట్లో అమ్మకీ నాకూ ఎలాగో ఒక దారి దొరికింది. నా ఏడో ఏటి నుంచీ ప్రతి శనివారం పొద్దున పదింటికి మాల్‌కి వెళ్ళేవాళ్ళం. ముందు చెరో కాఫీ, ఇద్దరికీ కలిపి ఒక ఉప్పు ప్రెట్జెల్ రొట్టె. తర్వాత బట్టల కొట్టు. చెరో ఆరు రకాలు చేతి మీద వేసుకుని ట్రయల్ రూమ్‌ల దగ్గరికి వెళితే, అక్కడ వాండా అనే ఆవిడ లెక్కపెట్టి ఆరు అంకె ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చేది. పక్కపక్క గదుల్లోకి వెళ్ళేవాళ్ళం. మధ్యలో పల్చటి చెక్క గోడ, దాని కింద జానెడు ఖాళీ. అవతల అమ్మ పాదాలు కనిపించేవి, మొహం కనిపించేది కాదు. మాటలు అప్పుడొచ్చేవి.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఆ గోడ అవతలి నుంచే అమ్మ చెప్పింది.

"డెనీ, మీ నాన్న ఇంక ఇంటికి రాడు. డేటన్‌లో ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆ నీలం గౌను జిప్ పడుతోందా?"

పడుతోందని చెప్పాను. ఆ గౌను కొనుక్కొచ్చాం, మరుసటి శనివారం తిరిగి ఇచ్చేశాం.

పెద్దయ్యాక నా వంతు వచ్చింది. నా కడుపులో బిడ్డ నిలవలేదని అక్కడే చెప్పాను. పెళ్ళి చెడిందనీ అక్కడే చెప్పాను. బిడ్డ సంగతి చెప్పినప్పుడు అవతల హ్యాంగర్ల చప్పుడు ఆగిపోయింది. గోడ కింది నుంచి అమ్మ చెయ్యి వచ్చి నా మడమ పట్టుకుంది. వంగి ఆ కాస్త సందులోంచి చెయ్యి పెట్టడానికి ఆమె నేల మీద కూర్చుని ఉండాలి. ఎంతసేపు అలా ఉన్నామో గుర్తు లేదు. బయటికొచ్చాక వాండా ఏమైనా నచ్చాయా అని అడిగితే, భుజాల దగ్గర కుదరలేదంది అమ్మ.

అసలు కొనడం మాకు అంత పట్టింపు కాదు. ఈ వారం కొన్నది ట్యాగు తియ్యకుండా, బిల్లు సంచిలోనే ఉంచి, పై వారం తిరిగి ఇచ్చేవాళ్ళం. మా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అదే పని చేసేవారు. తిరిగి ఇవ్వాలి కాబట్టి వెళ్ళేవాళ్ళం, ఎలాగూ వెళ్ళాం కాబట్టి ఇంకోటి తెచ్చుకునేవాళ్ళం. అమ్మ స్కూలు వంటింట్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. నేను వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో కౌంటర్ వెనక కూర్చుంటాను. మా ఇద్దరికీ వేరే సరదా అంటూ ఏదీ ఉండేది కాదు.

నాకు నలభై ఏడో ఏడు నడుస్తుండగా, ఆ ఎండాకాలంలో, నాకు కొనుగోళ్ళ మీద మనసు విరిగింది. పెద్ద కారణమేం లేదు. ఒక శనివారం చేతి మీద ఆరు రకాలు వేసుకుని నిలబడ్డాను. ఎరుపు చూసినా ఒకటే, పసుపు చూసినా ఒకటే, ఉప్పు లేని కూడు తింటున్నట్టుంది. మాల్ కూడా అప్పటికి సగం చచ్చి ఉంది. నడవాలో మూడు కొట్లు తెరిచుంటే నాలుగు షట్టర్లు దించి ఉండేవి. మధ్యలో ఫౌంటెన్ ఎండగట్టి, అందులో ప్లాస్టిక్ మొక్కలు పెట్టారు. వెనకటి జనం లేరు. అందరూ ఇంకేవో సరదాలు వెతుక్కుంటున్నారని ఆఫీసులో కార్లా చెప్పేది.

కార్లా నా పక్క కౌంటర్‌లో పనిచేస్తుంది. తను, ఇంకో అయిదారుగురు కలిసి ఏడాది పాటు తిండి, సబ్బు, మందులు తప్ప కొత్తదేదీ కొనకూడదని ఒట్టేసుకున్నారు. శనివారాలు నది ఒడ్డున నడుస్తారు, పక్షుల్ని చూస్తారు, మట్టితో గిన్నెలు చేస్తారు. నన్నూ రమ్మంది. వెళ్ళాను. రెండు వారాల్లో ఆ పిచ్చి నా తలకెక్కింది. కార్లాకైనా కాస్త పట్టూ విడుపూ ఉండేది, నాకు అదీ లేదు. బీరువాలు ఖాళీ చేసి చర్చికి ఇచ్చేశాను. కౌంటర్ దగ్గరికొచ్చే వాళ్ళకి కూడా నీతులు చెప్పేదాన్ని. నలభై ఏళ్ళు గాడిదలా బతికి ఇప్పుడు మనిషినయ్యానని నిజంగానే అనుకున్నాను.

సెప్టెంబరు రెండో శనివారం పొద్దున అమ్మకి ఫోన్ చేసి, ఇకనుంచి మాల్ లేదు, నదికి వెళుతున్నాం, మంచి బూట్లు వేసుకోమని చెప్పాను.

"ఏమీ కొనొద్దులే. ఊరికే నాలుగు వేసి చూసుకుని వచ్చేద్దాం," అంది.

"కొననప్పుడు వేసి చూడటం ఎందుకమ్మా? వాండాకి పని పెట్టడానికా?"

ఆమె నవ్వింది. బూట్లు ఎక్కడున్నాయో చూస్తానంది.

తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, చేతి సంచి భుజాన తగిలించుకుని వచ్చింది. నడకకి చేతి సంచి ఏమిటని కార్లా వాళ్ళు నవ్వారు. అమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. అందులో ఆమెకేం చిన్నతనం లేదు. స్కూల్లో మూడు వందల మంది పిల్లలు రోజూ వెక్కిరించేవారు, పట్టించుకునేది కాదు. కార్లా దుర్భిణి ఇస్తే కొంగని చూసి, ఇది మా పాత హెడ్మాస్టర్ లాగే నిలబడిందంది. అందరికీ నచ్చేసింది. నాకు ఎంత సంతోషమేసిందో. చూశావా, అనవసరంగా ఇన్నేళ్ళు ఆ చచ్చిన మాల్‌లో తిప్పాను ఈమెని, అనుకున్నాను.

వచ్చేటప్పుడు అమ్మ వెనకబడింది. నేను ముందు నడుస్తున్నాను. దారి సన్నం, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే.

"డెనీ," అంది వెనక నుంచి. నేను ఆగి వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాను.

"ఏంటమ్మా?"

నా మొహంలోకి చూసింది. తర్వాత కిందికి చూసింది. "బూటులో రాయి పడింది," అంది.

కూర్చోబెట్టి బూటు విప్పి దులిపాను. రాయేమీ పడలేదు. పడిపోయి ఉంటుందిలే అన్నాను.

అక్టోబరులో వానలు మొదలై నడకలు తగ్గాయి. బుధవారాలు లైబ్రరీలో జరిగే మట్టిగిన్నెల క్లాసులో అమ్మని నాతో పాటు చేర్పించాను. డబ్బులిచ్చి మట్టి పిసకడమేమిటని అమ్మ ఒకటే వేళాకోళం. ముప్పై ఏళ్ళు పిండి పిసికితే జీతమిచ్చారు, ఇదేదో తిరగబడిందంది. అయినా వచ్చింది. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళం, ఎదురెదురుగా. అందరూ మాట్లాడుతూనే ఉండేవారు, మోకాళ్ళ నొప్పుల గురించి, మనవల గురించి. అమ్మ ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కుడి చేత్తోనే గిన్నె చేస్తుంటే టీచరు వచ్చి రెండు చేతులూ వాడమంది. ఇలాగే బాగుందంది అమ్మ. అది వంకరగా వచ్చింది.

ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పడానికి లేదు. ప్రతిదీ కళ్ళ ముందే జరిగింది. నాకు కనిపించింది మాత్రం, మా అమ్మ చివరికి మంచి అలవాట్లలో పడుతోందన్న సంగతి ఒక్కటే.

రెండు మూడుసార్లు మళ్ళీ అడిగింది. ఒకసారి లోదుస్తులు కావాలంది, పోస్టులో తెప్పించాను. ఒకసారి వాండాని చూసి చాలా రోజులైందంది, ఫోన్ చెయ్యమన్నాను. ఆమె అడిగిన ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబుండేది. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ పండగ రోజు, అమ్మ ఇంట్లోనే వంట. ఇద్దరికీ టర్కీ కోడి ఎక్కువని చిన్న కోడి కాల్చింది. ఆ పండగ మర్నాడు తెల్లవారుజామునే కొట్లు తెరుస్తారు, ధరలు తగ్గిస్తారు. నాకు పదహారేళ్ళు వచ్చినప్పటి నుంచీ మేం ఒక్క ఏడు కూడా మానలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, పేపర్లో వచ్చిన ప్రకటనలు కత్తిరించుకుని, దుప్పటి కప్పుకుని క్యూలో నిలబడేవాళ్ళం. క్యూలో జోకులేసుకోవడం, పోట్లాడుకోవడం, లోపలికి పరిగెత్తడం, అదంతా మా పండగ. ఆ ఏడాది నేను పది రోజుల ముందే చెప్పేశాను, శుక్రవారం నేనూ కార్లా వాళ్ళూ కొండ దారిలో నడకకి వెళుతున్నామని. అది చాలా ఎగుడుదిగుడు, నువ్వు రాలేవని కూడా చెప్పాను.

భోజనాలయ్యాక సింకు దగ్గర పక్కపక్కన నిలబడ్డాం. నేను పళ్ళేలు కడుగుతున్నాను, ఆమె తుడుస్తోంది. ఇద్దరి మొహాలూ కిటికీ వైపున్నాయి. బహుశా అందుకే ధైర్యం చేసి ఉంటుంది.

"రేపు ఒక్కసారి వెళదాం డెనీ. ఈ ఒక్కసారికి. నాకు కోటు కావాలి. పాతది ఎడమ చంక దగ్గర పట్టేస్తోంది, చెయ్యి ఎత్తితే నొప్పిగా ఉంది."

నేను చేతులు తుడుచుకుని ఆమె వైపు తిరిగాను. రా అని ఆమె పడకగదిలోకి తీసుకెళ్ళాను. బీరువా తెరిచి కోట్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచాను. ఏడున్నాయి. మూడింటికి ఇంకా ట్యాగులున్నాయి.

"ఏడు కోట్లమ్మా. మనిషికి ఎన్ని చేతులుంటాయి?"

"రెండు," అంది అమ్మ.

"మరి?"

మంచం మీద కోట్ల వైపు చూస్తూ నిలబడింది. అంతటితో ఆపానా నేను, లేదు. కొనడం ఒక జబ్బు అన్నాను. లోపల ఏదో వెలితి ఉన్నవాళ్ళే ఇలా కొంటూ ఉంటారని కార్లా దగ్గర విన్న మాట విన్నట్టే అప్పజెప్పాను. నన్ను ఏడేళ్ళ వయసు నుంచి ఇందులోకి లాగావు, ఇప్పుడు బయటపడ్డాను, నన్ను మళ్ళీ లాగకు అన్నాను. ఆమె అంతా విన్నది. చివరికి ఒక కోటు తీసి హ్యాంగర్‌కి తగిలించింది, కుడి చేత్తో.

"సరేలే. నిజమే," అంది.

మిగిలిన ఆరూ నేను తగిలించాను. వంటింట్లోకి వెళ్ళి పళ్ళేలు పూర్తి చేశాం. మర్నాడు కొండ మీద ఎండ బాగా కాసింది. పైకెక్కాక ఫోటోలు తీసుకున్నాం. అమ్మకి ఒకటి పంపించాను. చాలా బాగుందని జవాబిచ్చింది.

క్రిస్మస్ కూడా అలాగే గడిచింది. బహుమతులు కొనకూడదన్నాను కాబట్టి ఆమె నాకు వంకర గిన్నె ఇచ్చింది. నేను ఆమెకి పక్షుల పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి ఇచ్చాను.

జనవరి మూడో వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, వాండా మా ఆఫీసుకొచ్చింది. మా దగ్గర ఏటా పుట్టినరోజుకల్లా కారు రిజిస్ట్రేషన్ స్టిక్కరు మార్పించుకోవాలి. తన పుట్టినరోజు ఆ నెల్లోనే. నా కౌంటర్‌కే వచ్చింది. కొట్టు ఎత్తేస్తున్నారంది. నెలాఖరే ఆఖరి రోజు, హ్యాంగర్లు కూడా అమ్మేస్తున్నారంది. నలభై ఒక్కేళ్ళు ఒకే స్టూలు మీద కూర్చున్నాను, ఆ స్టూలుకి కూడా ధర కాగితం అంటించారంది. నేను కాగితాలు చూస్తూ అయ్యో అన్నాను.

"అమ్మకెలా ఉంది?" అంది. "డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరు?" అన్నాను.

వాండా నా వైపు చూసి, చేతి తొడుగులు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"నీకు చెప్పే వెళతానంది. చెప్పిందనుకున్నాను," అంది.

తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. థాంక్స్‌గివింగ్ మర్నాడు మధ్యాహ్నం, జనం తగ్గాక, అమ్మ ఒక్కతే వచ్చిందట. రెండు కోట్లు తీసుకుని చివరి గదిలోకి వెళ్ళింది. చాలాసేపు చప్పుడు లేదు. పక్క గదిలో ఎవరో వదిలేసిన బట్టలు తీసుకుందామని వాండా అందులోకి వెళ్ళింది. తలుపు చప్పుడు విని అవతలి నుంచి అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరు నువ్వని కూడా అడగలేదట.

"నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. సెప్టెంబరు నుంచి ఉంది. మా అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియడం లేదు."

వాండా చేతిలో బట్టలతో అలాగే నిలబడిపోయిందట. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళు రోజలీ, అందట. ముందు డెనీకి చెప్పాలి, అది తెలియకుండా వెళితే దానికి కష్టంగా ఉంటుంది, అని అమ్మ జవాబు. బయటికొచ్చి కోట్లు రెండూ ఇచ్చేసింది. చేతులు పొడుగయ్యాయంది.

నేను వాండా కాగితాల మీద ముద్ర వేశాను. స్టిక్కరు ఇచ్చాను. తర్వాతి నంబరు పిలిచాను. ఆ నంబరు మనిషి వచ్చి నిలబడ్డాడు. అతను అడిగేదేమిటో నాకు అర్థం కాలేదు. కార్లా లేచి వచ్చి నన్ను పక్కకి కూర్చోబెట్టింది.

మర్నాడే అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎప్పటినుంచి ఉందని ఆయన అడిగితే అమ్మ దాచలేదు. సెప్టెంబరు మొదటి సోమవారం, సెలవు రోజు, స్నానం చేస్తుంటే తగిలిందని చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు. ఆయన నన్నేమీ అనలేదు. పరీక్షలయ్యాక, ఎముకల్లోకి పాకిందని చెప్పినప్పుడు కూడా నన్నేమీ అనలేదు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అని నేనే అడిగాను. అలా ఆలోచించడం వల్ల ప్రయోజనం లేదండీ అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మని అడిగాను. అరిచాననే చెప్పాలి. వాండాకి చెప్పావు, నాకు చెప్పలేదు, నేనేం పరాయిదాన్నా అన్నాను. ఇదిగో ఈ కారులో చెప్పొచ్చుగా, ఎన్నిసార్లు తిరిగాం అన్నాను.

"కారులో చెబితే బండి ఆపుతావు. ఆపి నా వైపు తిరుగుతావు. అప్పుడు నేను నీ మొహం చూడాలి," అంది. "నీ మొహం చూస్తే నాకు మాట రాదు డెనీ. చిన్నప్పటి నుంచీ అంతే."

"ఫోన్లో చెప్పొచ్చుగా."

"ఫోన్ పెట్టేశాక నువ్వు ఒక్కదానివే ఉంటావు కదా." "అక్కడైతే ఎవరి గదిలో వాళ్ళం ఉంటాం. పక్కనే ఉంటాం."

నేను స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. మా ఇంటావంటా లేని పని అది, పట్టపగలు, మనిషి పక్కన కూర్చుని ఉండగా. అమ్మ చేతి సంచిలోంచి రుమాలు తీసి, నా వైపు చూడకుండా ఇచ్చింది.

"ఇంకో మాట కూడా ఉంది," అంది. "అది దీనికంటే పాతది. నీకు చెప్పాల్సిందే. కానీ తర్వాత."

ఏమిటని అడిగాను. అద్దంలోంచి బయటికి చూస్తూ "తర్వాత" అంది.

ఆ "తర్వాత" అన్న మాట పట్టుకుని నేను ఫిబ్రవరి అంతా వేలాడాను. అమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాను. నడకలు మానేశాను, కార్లా వాళ్ళతో మట్టి పని మానేశాను. శనివారాలు ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. నాన్న సంగతా అని అడిగాను. కాదంది. నేను పుట్టకముందు సంగతా అన్నాను. దుప్పటి మడత సరిచేసుకుంది. స్నానాల గది తలుపు బయట నిలబడి, ఇప్పుడు చెప్పు, నేను కనిపించడం లేదుగా అని కూడా అడిగాను. ఇంట్లో కుదరదే అంది. నాటకాలాడుతున్నట్టుంటుందంది. ఆమె నన్ను ఏడిపించడానికి అలా చెయ్యడం లేదని నాకు తెలుసు. చెప్పాలని ఆమెకీ ఉంది. ఒక్కోసారి నోరు తెరిచేది. పెదాలు కదిలేవి. అంతలో నన్ను చూసేది.

మా ఊరి మాల్‌లో ఆ కొట్టు అప్పటికే ఖాళీ అయింది. మార్చి రెండో శనివారం, డాక్టరుకి చెప్పకుండా, అమ్మని చక్రాల కుర్చీతో సహా కారెక్కించి అరవై మైళ్ళు తీసుకెళ్ళాను, పక్క రాష్ట్రం మిషిగన్‌లో ఇంకా తెరిచి ఉన్న పెద్ద కొట్టుకి. అప్పటికామె ఒళ్ళు చిక్కి ఎముకలు తేలాయి. అయినా ఎక్కడికి వెళుతున్నామో చెప్పగానే లిప్‌స్టిక్ అడిగింది. తనే వేసుకుంది.

కొట్టులో మనుషుల్లేరు. ముందు భాగంలో కొందరు ఇంటర్నెట్‌లో కొన్న పెట్టెలు తిరిగి ఇవ్వడానికి క్యూ కట్టారు. ఎవరూ బట్టలు చూడటం లేదు. మేం మాత్రం పాత పద్ధతిలో, తొందరపడకుండా, ప్రతి వరస దగ్గరా ఆగాం. అమ్మ వేళ్ళతో గుడ్డ పట్టుకు చూసి, ఇది ఒక్క ఉతుక్కి పోతుంది, ఇది గుచ్చుకుంటుంది అంటూ వచ్చింది. ఆమెకి ఆరు ఎంచాం, నాకు ఆరు ఎంచాం.

ట్రయల్ రూమ్‌ల దగ్గర బిళ్ళలిచ్చే వాళ్ళెవరూ లేరు. అమ్మని చక్రాల కుర్చీ పట్టే పెద్ద గదిలో పెట్టి, తలుపు దగ్గరికి లాగి, నేను పక్క గదిలోకి వెళ్ళాను. గడియ పెట్టుకున్నాను. గోడ కింద కుర్చీ చక్రాలు కనిపిస్తున్నాయి, మధ్యలో ఆమె పాదాలు. గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. ఒక హ్యాంగరు చప్పుడైంది. ఇంకోటి కింద పడింది. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

"డెనీ," అంది.

"చెప్పమ్మా."

"చెయ్యి పైకి రావడం లేదు. ఇరుక్కుపోయాను. ఇటు రా."

వెళ్ళాను. చొక్కా తల మీదికి లాక్కుని, ఎడమ చెయ్యి లోపల చిక్కుకుని, కుర్చీలో వంగిపోయి ఉంది. మెల్లిగా విడిపించాను. లోపలి చొక్కాతో కూర్చుంది, భుజాలు వణుకుతున్నాయి. ఆ గదిలో మూడు వైపులా నిలువెత్తు అద్దాలు. ఎటు తిరిగినా ఆమె మొహం, నా మొహం. తప్పుకోవడానికి చోటు లేదు. ఇంక ఆమెని అక్కడ ఒంటరిగా వదిలి పక్క గదికి వెళ్ళే వీలూ లేదు.

ఆమె కుర్చీ వెనక్కి వెళ్ళి, నేల మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"అమ్మా, నేను చూడటం లేదు. కళ్ళు మూసుకున్నాను. చెప్పు."

ఆమె ఊపిరి వినిపిస్తోంది. బయటెక్కడో పాట వస్తోంది, ఆగింది, ఇంకో పాట మొదలైంది. నేను కళ్ళు తెరవలేదు. ఎంతసేపైనా కూర్చోవాలనుకున్నాను. నా జీవితంలో అంత ఓపిగ్గా దేనికీ ఎదురుచూడలేదు. ఏప్రిల్ పదకొండున ఆమె పోయింది. ఆ మాట ఏమిటో, ఎవరి గురించో, నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు మాత్రం, ఆ గదిలో, ఆమె చెప్పబోతోందనే అనుకున్నాను. గొంతు సవరించుకుంది కూడా.

"చొక్కా తొడుగు డెనీ," అంది చివరికి. "చలేస్తోంది."

కళ్ళు తెరిచి, లేచి, ముందు ఎడమ చెయ్యి ఎక్కించి, తొడిగాను.